చూపునకును మర్యాద కలదు
(పట్టణ గ్రంథాలయ వార్షిక సభయందు చేసిన ఉపన్యాసము)



స్వరాజ్యమును గూర్చియు పౌరధర్మమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుడని ఈ గ్రంథాలయ మిత్రులు మమ్ము కోరిరి. పెద్ద మాటలు పలుకుట న్యాయవాదులమైన మాకు అలవాటే. కాని నేడు మిక్కిలి చిన్నదిగా కనబడు విషయము నొకదానిని ఎన్నుకొంటిమి. కార్యాలయములో ప్రక్క బల్లకడ కూర్చుండు పురుషుడు తోటి ఉద్యోగినిని రెప్పవాల్పక చూచుచుండుట, ఇదియే మా విషయము. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. ఆ నవ్వే మేము చెప్పబోవు దానికి మొదటి సాక్ష్యము.

మా తప్పిదముతోనే ఆరంభింతుము. కొన్ని సంవత్సరములకు పూర్వము మా పొరుగింటివారి అమ్మాయి ఒక సాయంకాలము తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె ఒక కార్యాలయమున లెక్కలు వ్రాయు ఉద్యోగములో నుండెను. "బాబాయిగారూ, ఆయన నన్నేమీ అనడు. ముట్టుకోడు. ఊరకే చూస్తూ ఉంటాడు. నేను తల యెత్తినప్పుడల్లా ఆ కళ్లు అక్కడే ఉంటాయి" అని చెప్పినది. మేము వకీలు బుద్ధితో ఆలోచించితిమి. మాట లేదు, చేయి లేదు, సాక్షి లేడు. ఇక ఫిర్యాదులో ఏమని వ్రాయుదుము? "పట్టించుకోకమ్మా, నీ పని నీవు చూచుకొమ్ము" అని పంపివేసితిమి. ఆ పిల్ల మారు పలుకక లేచిపోయినది.

రెండు నెలలు తిరుగక మునుపే ఆమె ఉద్యోగము మానుకొన్నదని తెలిసినది. తరువాత ఆమె తల్లి చెప్పగా వింటిమి. ఆ చూపునకు అడ్డముగా బల్లపై దస్తరములను గోడవలె పేర్చుకొని కూర్చుండెడిదట. స్నానాలగదికి పోవలెనన్న అతని కుర్చీ ముందునుండియే పోవలసి యుండుటచే ఉదయమునుండి సాయంకాలము వరకు మంచినీరు త్రాగుట మానివేసినదట. నెల తిరిగిన జీతము వచ్చు ఉద్యోగము, ఆ యింటికి ఆధారమైన ఉద్యోగము, ఒక చూపు క్రింద పోయినది. చూచినవాడు మాత్రము తన కుర్చీలో తాను నిశ్చింతగా నుండెను. ఆమెకు రక్షణ కల్పించు చట్టము అప్పటికే అమలులో నున్నది. ఆ పుస్తకము మా బీరువాలోనే యున్నది. మేము లేచి తలుపు తీయలేదు. నేటి యీ ప్రసంగము ఆ అమ్మాయికి మేము ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

"చూచినంత మాత్రమున అరిగిపోదువా?" అని మనవారు ఎగతాళి చేయుట కలదు. ఈ మాట అనువారి యిండ్లనే ఒకసారి పరికింపుడు. కట్టుచున్న యింటికి దిష్టిబొమ్మ కట్టుదురు. గుమ్మమునకు గుమ్మడికాయ వ్రేలాడదీయుదురు. దుకాణము ముందు నిమ్మకాయయు మిరపకాయలును గ్రుచ్చి కట్టుదురు. పసిబిడ్డ చెక్కిలిపై కాటుకచుక్క పెట్టి, సందె వేళ ఉప్పు త్రిప్పి పారవేయుదురు. పరుల చూపు సోకి గోడ బీటలువారునని, బేరము చెడునని, బిడ్డ పాలు త్రాగదని నమ్మువారే, రోజునకు ఎనిమిది గంటలు ఒక చూపు క్రింద కూర్చుండి పనిచేయు ఆడుపిల్లకు మాత్రము ఏమియు కాదందురు. దిష్టి నిజమా కాదా యను చర్చ మనకేల? చూపునకు బలము కలదని మనము తరతరములుగా ఒప్పుకొనుచునే యున్నాము. ఒప్పుకొననిది ఆమె విషయముననే.

మన భాషయు ఈ సంగతి నెరుగును. చూచుట వేరు, తేరిపార చూచుట వేరు. ఎగాదిగా చూచుట, గ్రుచ్చి గ్రుచ్చి చూచుట, కొరకొర చూచుట, మ్రింగునట్లు చూచుట, ఇన్ని మాటలు మన పెద్దలు ఊరక కల్పించిరా? మాటలాడునపుడు ముఖము చూతుము, అది మర్యాద. పిలిచినపుడు తల త్రిప్పి చూతుము, అది వ్యవహారము. పని లేక, మాట లేక, ఎదుటివారు ముఖము త్రిప్పుకొన్నను మానక, శరీరముపై చూపు నిలిపి యుంచుట ఈ రెండింటిలో ఏదియు కాదు. వీథిలోనైన ఆమె అడుగు వడిగా వేసి తప్పించుకొనును. బండిలోనైన దిగిపోవును. కార్యాలయములో ఎక్కడికి పోవును? ఆ కుర్చీ ఆమె అన్నము. అందుచేతనే పని స్థలమున చూపు వీథిలోని చూపుకంటె బరువైనది.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో విందము. రాజస్థానమున 1992లో తన విధిని నిర్వర్తించుచున్న ఒక గ్రామసేవకురాలిపై జరిగిన ఘోరము కారణముగా స్త్రీల సంఘములు సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించినవి. ఆ విశాఖా వ్యాజ్యమున 1997 ఆగస్టు 13వ తేదీని తీర్పు వెలువడినది. పని స్థలమున స్త్రీని వేధించుట రాజ్యాంగములోని 14, 15, 21 అధికరణములు ఇచ్చిన సమత్వమునకును జీవనమునకును, 19వ అధికరణము ఇచ్చిన వృత్తి స్వాతంత్ర్యమునకును భంగమని న్యాయమూర్తులు నిర్ణయించిరి. శరీరస్పర్శ జరిగితీరవలెనను వాదమును ఒక ఎగుమతి మండలికి చెందిన వ్యాజ్యములో 1999లో అదే న్యాయస్థానము త్రోసిపుచ్చినది. తుదకు 2013లో పార్లమెంటు చట్టము చేసినది. అది ఆ సంవత్సరము డిసెంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. కోరని స్పర్శ, కోరని మాటలతోపాటు, మాట లేని చేష్ట సైతము లైంగిక స్వభావము కలదైనచో వేధింపే యని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. పనికి అడ్డు కలిగించుట, భయమును అవమానమును గొల్పు వాతావరణము కల్పించుట అను మాటలును అందున్నవి. దస్తరముల గోడ వెనుక నీరు త్రాగక కూర్చున్న పిల్ల సంగతి ఈ మాటలలో ఇమిడియే యున్నది.

పదిమందియు అంతకు మించియు పనిచేయు ప్రతి స్థలమున ఒక అంతర్గత సంఘము ఉండి తీరవలెను. దానికి అధ్యక్షురాలు పై హోదాలోని స్త్రీ. సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెను. బయటి స్వచ్ఛంద సంస్థకు చెందినవారో, ఈ విషయము తెలిసినవారో ఒకరుండవలెను. పదిమంది లేని చోట్లకును, యజమానిపైననే ఫిర్యాదు వచ్చినపుడును జిల్లాలోని స్థానిక సంఘము కలదు. ఇండ్లలో పనిచేయు స్త్రీలకును చట్టపు నీడ కలదు. ఫిర్యాదు మూడు నెలలలో వ్రాసి యియ్యవలెను. వరుసగా జరిగిన చేష్టయైనచో తుది సంఘటన నుండి మూడు నెలలు. తగిన కారణము చూపినచో మరి మూడు నెలల గడువు దొరకును. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఈలోగా ఆమె కోరినచో ఆమెకుగాని అతనికిగాని స్థానము మార్పించుటకును, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇప్పించుటకును సంఘము సిఫారసు చేయవచ్చును. పేర్లు బయటపెట్టుట నిషేధము.

శిక్షాస్మృతి మాటయో? 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో చాటుగా చూచుటను గూర్చిన నిబంధన స్త్రీ ఏకాంతమున నున్నపుడు చూచినవారికే వర్తించును; నలుగురిలో తేరిపార చూచువానికి అది అంటదు. చూపుతోపాటు సైగయో, కూతయో, అవమానించు మాటయో తోడైనచో 79వ విభాగము వచ్చును. వలదన్నను వెంటబడి తిరిగినచో 78వది వచ్చును. కాబట్టి వట్టి చూపు విషయమున పోలీసుఠాణా ద్వారము ఇరుకైనది. సంఘము ద్వారము విశాలమైనది. ఈ భేదము తెలియక ఇరుకు ద్వారముకడ తల కొట్టుకొని తిరిగివచ్చువారు పెక్కురు.

ఒక ఆక్షేపణ న్యాయమైనదే. "ఆలోచనలో మునిగి ఎటో చూచువా డుండును, మెల్లకన్నువా డుండును; నిరపరాధిని బలిచేయుదురా?" అందురు. మేమును దీనిని త్రోసివేయము. ఒక్కసారి పడిన చూపు నేరము కాదు. కాని దీనికి పరీక్ష సులభము. "నన్నట్లు చూడవద్దు" అని ఒక మాట అన్నంతనే నిరపరాధి కంగారుపడి కుర్చీ త్రిప్పుకొనును, మరల అటు చూచుటకే జంకును. అపరాధి నవ్వును, లేదా కోపపడును, మరునాడు మరల చూచును. మాటకు తరువాత నిలిచిన చూపే సాక్ష్యము. ఇక విచారణలో ఇరుపక్షములును వినవలసినదే. రుజువు చేయలేకపోయినంత మాత్రమున ఫిర్యాదు చేసినామెను శిక్షింపరాదు; తెలిసి దురుద్దేశముతో అబద్ధమాడినచో శిక్ష కలదు. ఇంతకంటె సమముగా త్రాసు పట్టుట ఎట్లు?

సోదరీమణులకు మా మనవి యిది. మొదట మిమ్ము మీరు శంకించుకొనకుడు. "నాదే పొరపాటేమో, నా దుస్తులే కారణమేమో" అను తలంపు మీది కాదు. లోకము మీ మనస్సులో నాటినది. ఒక చిన్న పుస్తకములో తేదీ, వేళ, చోటు, దగ్గర నున్నవారి పేర్లు వ్రాసికొనుడు. ఆనాటి వ్రాతకు న్యాయస్థానములలో ఎంత విలువయో మేమెరుగుదుము. ధైర్యము చాలినచో నలుగురు వినునట్లు, కోపము లేక, "పని ఉన్నచో చెప్పండి, అట్లు చూడవద్దు" అనుడు. ధైర్యము చాలనిచో అది దోషము కాదు. నమ్మదగిన తోటి ఉద్యోగినికి చెప్పుడు, పై అధికారికి వ్రాతమూలకముగా తెలుపుడు, నకలు దగ్గర నుంచుకొనుడు. కుర్చీ మార్చవలసి వచ్చినచో మార్చవలసినది అతని కుర్చీ యని అడుగుడు. అప్పటికిని నిలువనిచో సంఘమునకు వ్రాయుడు. రాజీ యను మాట మీరు కోరిననే రావలెను; ధనమిచ్చి చేయు రాజీని చట్టమే ఒప్పుకొనదు.

ఇప్పుడు పురుషులతో మాటలాడుదుము, ఈ సభలో మనమే యెక్కువ గనుక. ఆ కార్యాలయములో ఆ పిల్లయు అతడును మాత్రమే లేరు. మరి పదునైదుగు రుండిరి. వారిలో ఎవరికిని తెలియదా? దస్తరముల గోడ అందరికిని కనబడినది. ఒక్కడు లేచి, "ఏమండీ, ఆ లెక్క పూర్తియైనదా, ఎటు చూచుచున్నారు?" అని యుండినచో ఆమె యుద్యోగము నిలిచి యుండెడిది. ఫిర్యాదు అక్కర లేదు, సంఘము అక్కర లేదు. ఒక్క మాట చాలియుండెడిది. చూచినవానికంటె చూచుచున్నవానిని చూచి ఊరకుండినవారే పెక్కురు. మొన్నటి వరకు మేమును ఆ వరుసలోనివారమే.

యజమానుల సంగతి చెప్పవలయునా? సంఘమును నియమింపనివారికి ఏబదివేల రూపాయల వరకు జరిమానా కలదు. సంఘము యొక్క ఉత్తరువును, వేధింపునకు కలుగు శిక్షలను అందరికిని కనబడు చోట వ్రేలాడదీయవలెనని చట్టము. అయినను పదేండ్లు గడచిన పిదప, 2023 మే 12వ తేదీని, అమలులో గల లోపములను చూచి సర్వోన్నత న్యాయస్థానమే నొచ్చుకొనవలసి వచ్చినది. చట్టము కాగితముపై నుండగా కుర్చీలు ఖాళీయగుచున్నవి.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ పదునాలుగేండ్ల బాలిక స్వయంసేవికగా నిలిచియుండెను. టిక్కెట్టు లేదని ఆమె జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేసినది. టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే లోనికి విడిచినది. ఆయన ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. ఆ బాలిక దుర్గాబాయి. తరువాత న్యాయవాదియై, రాజ్యాంగసభలో కూర్చున్న మన ఆంధ్ర వనిత. ఆ ద్వారముకడ నిలిచినది ఆడుపిల్లయే. కాని ఎదుటనున్నవారు చూచినది ఆమె పనిని. పని స్థలమున స్త్రీని చూడవలసిన చూపు అదియొక్కటే. ఆ చూపులోనే దుర్గాబాయి వంటివారు పెరుగుదురు. మరియొక చూపు క్రింద ఉద్యోగములు మానుకొని ఇండ్లకు పోవుదురు.

సభ ముగిసిన పిదప మీరు చేయవలసిన పని ఒక్కటే అడుగుచున్నాము. రేపు ఉదయము మీ మీ కార్యాలయములకు పోయినపుడు గోడవైపు చూడుడు. సంఘము పేర్లు గల పలక ఉన్నదా? లేనిచో ఏల లేదని పై అధికారిని అడుగుడు. స్త్రీలే అడుగనక్కరలేదు, పురుషుడు అడిగినచో మరియు మంచిది. మేమును రేపే మా న్యాయవాదుల సంఘములో ఈ ప్రశ్న అడుగబోవుచున్నాము. అక్కడను పలక లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మరియొక ఊరిలో మరియొక ఉద్యోగము చేసికొనుచున్నది. మమ్ము చూచిన నమస్కరించును గాని, తనకై ఏ సలహాయు అడుగదు. అడుగకపోవుట న్యాయమే. మీ యింటికి అట్టి పిల్ల వచ్చిన నాడు, "పట్టించుకోకమ్మా" అని మాత్రము అనకుడు. కూర్చుండబెట్టి, మంచినీరిచ్చి, మొదటినుండి చెప్పుమనుడు.