ఆనెకాయలు

హిందూపురం నుంచో, కుప్పం నుంచో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వచ్చి, సిటీ మార్కెట్‌లో పగలంతా నిలబడి పనిచేసేవారు మీలో ఉంటారు. అరికాలిలో ఆనెకాయ లేస్తే అడుగు వేయడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ముల్లు విరిగి ఉండిపోతేనే ఆనె వస్తుందంటారు. చాలావరకు కారణం అది కాదు, చెప్పు ఒరిపిడి. ఒకేచోట ఒత్తిడి పడుతూ ఉంటే చర్మం మందమై, నడుమ గట్టి మొన ఏర్పడి లోపలికి గుచ్చుకుంటుంది. దానికి వేరంటూ ఉండదు. కోసి పారేసినా, మళ్లీ ఆ చెప్పే తొడిగితే మళ్లీ వస్తుంది.

గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు నానబెట్టి, కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా అరగదీయండి. చెప్పులు సాయంకాలం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వాడగా వాడగా సాగుతాయని అంగడివాడు అంటాడు, నమ్మకండి.

మందుల షాపుల్లో అమ్మే ఆనెకాయ పట్టీల్లో సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అది మంచి చర్మాన్నీ తినేస్తుంది. షుగరు జబ్బున్నవారు ఆ పట్టీ వేసుకోకూడదు, బ్లేడు అసలే పట్టకూడదు. పాదం మొద్దుబారినవారికి పుండు పడినా నొప్పి తెలియదు. చివరికి వేలు తీసేయవలసి రావచ్చు. 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రి ఆ మార్కెట్ పక్కనే ఉంది. పనికి వచ్చిన రోజే ఒక పూట వీలు చేసుకుని, కాలు చూపించుకుని వెళ్లండి. సెలవు.