పాలు కక్కే పసిబిడ్డ – పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల సభలో మూడు తరాలవారు ఒకే వరుసలో కూర్చుంటారు. ఒకనాడు ఈ గదులలో అక్షరాలు దిద్దిన బాలికలు నేడు అమ్మమ్మలు, నాయనమ్మలు అయినారు. వారి కుమార్తెలు, కోడళ్లు చంకబిడ్డలతో వచ్చినారు. బిడ్డ పాలు కక్కినప్పుడు తుడవడానికి ఆ తల్లుల భుజాన ఒక మెత్తని గుడ్డ ఉంటుంది. నేటి ప్రసంగ విషయం ఆ గుడ్డకు సంబంధించినదే.

పాలు కక్కడం పైకి చిన్న విషయం. కాని దాని మూలంగా జరిగే నష్టం చిన్నది కాదు. బిడ్డ రెండుసార్లు కక్కగానే ఇంటిలో ఒకరు "తల్లి పాలు పడడం లేదు" అంటారు. మరొకరు "బాలింత తిన్నది వేడి చేసింది" అంటారు. నాలుగు రోజులు ఆ మాటలే వింటే, తన పాలే తన బిడ్డకు కీడు చేస్తున్నవని తల్లి నమ్ముతుంది. చనుబాలు మాన్పించి డబ్బా పాలు మొదలుపెడతారు. తప్పు చేయని తల్లి మనసు కుంగుతుంది; బిడ్డకు దక్కవలసిన ఆహారం దక్కకుండా పోతుంది. కొంచెం అవగాహన ఉంటే ఈ నష్టం జరగదు.

ముందుగా బిడ్డ ఎందుకు కక్కుతుందో చూడాలి. నోటి నుండి జీర్ణాశయానికి ఆహారాన్ని చేర్చే గొట్టం అన్నవాహిక. అది జీర్ణాశయంతో కలిసే చోట గుండ్రని కండరం ఒకటి ఉన్నది. మింగినప్పుడు అది సడలుతుంది. ఆహారం దిగిన పిమ్మట బిగుసుకుంటుంది. పసిబిడ్డలో ఈ కండరం మింగని సమయంలో కూడా మాటిమాటికీ సడలుతుంది. అప్పుడు లోపలి పాలు పైకి పొంగుతాయి. దీనినే వైద్యులు రిఫ్లక్స్ అంటారు. పుట్టిన బిడ్డ అన్నవాహిక పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. ఆహారమంతా ద్రవమే. రోజులో అధిక భాగం పడుకొనే గడుస్తుంది. ఈ మూడూ కలిసినప్పుడు పాలు పైకి రావడంలో వింత లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. మొదటి నెలలలో బిడ్డ తన బరువులో ప్రతి కిలోకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. అదే నిష్పత్తిలో 60 కిలోల పెద్దమనిషి తాగవలసి వస్తే రోజుకు 9 లీటర్లు అవుతుంది. అంత పాలు తాగించి, వెంటనే పడుకోబెడితే ఏ పెద్దమనిషి కడుపులోనూ అవి కుదురుగా నిలవవు. బిడ్డ విషయంలో మాత్రం దానిని రోగమని భయపడుతున్నాము.

ఈ కక్కడం సాధారణంగా రెండు నెలల లోపల మొదలై, నాలుగవ నెల ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది. ఆ వయసులో రోజుకు ఒక్కసారైనా కక్కే బిడ్డలు సగం మందికి పైగా ఉంటారు. తరువాత బిడ్డ కూర్చోవడం నేర్చుకుంటుంది, గట్టి ఆహారం తింటుంది, కండరం బలపడుతుంది. ఏడాది నిండే నాటికి పదిమందిలో తొమ్మిదిమందికి అది దానంతట అదే పోతుంది. కనుక ఇక్కడ కావలసిన మొదటి మందు ఓర్పు.

కక్కిన పాలు చూసి "తాగినదంతా పోయింది" అని తల్లులు బెంగపడతారు. ఒక పాత గుడ్డ మీద రెండు చెంచాల పాలు, అంటే 10 మిల్లీలీటర్లు, పోసి చూడండి. ఆ తడి అరచేయి దాటి వ్యాపిస్తుంది. గుడ్డ మీది మరకను బట్టి పోయిన పాలను కొలవరాదు. బిడ్డ బరువే సరియైన కొలత. పుట్టిన నాటి బరువు సుమారు అయిదవ నెలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం క్రింద నడిచే అంగన్‌వాడీలలో బిడ్డను తూచి, బరువును పటంలో గుర్తిస్తారు. ఆ గీత పైకి పోతూ ఉంటే, బిడ్డ రోజుకు ఆరుసార్లయినా బాగా మూత్రం పోస్తూ ఉంటే, కక్కిన తరువాత కూడా నవ్వుతూ ఆడుతూ ఉంటే, అది రోగం కాదు. అది బట్టలుతికే పని పెంచే ఇబ్బంది మాత్రమే.

ఆ ఇబ్బందిని తగ్గించే మార్గాలు ఉన్నవి. పాలిచ్చేటప్పుడు బిడ్డ తలను పొట్ట కంటె కొంచెం ఎత్తున ఉంచాలి. చనుమొన మాత్రమే గాక, దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోటిలోకి పోవాలి. అప్పుడు గాలి తక్కువగా మింగుతుంది. పాలు తాగిన పిమ్మట ఇరవై, ముప్పై నిమిషాలు బిడ్డను నిటారుగా భుజాన వేసుకొని, తేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి. అమ్మమ్మలు తరతరాలుగా చేస్తున్న ఈ పని ఇప్పటి వైద్యులు చెప్పేదే. పాలు తాగిన వెంటనే కాళ్ల మీద వేసుకొని నలుగు పెట్టడం, ఎగరవేసి ఆడించడం మానాలి. నడుము దగ్గర గుడ్డ బిగించి కట్టరాదు. ఇంటిలో ఎవరూ చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చరాదు. పొగ ఈ బాధను పెంచుతుంది. పోతపాలు తాగే బిడ్డకు ఒక్కసారే ఎక్కువగా పట్టకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి. పాలపొడిని డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారమే కలపాలి. పలుచన చేస్తే బిడ్డ బలహీనపడుతుంది.

చేయకూడని పనులు కూడా తెలియాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వస అరగదీసి పోయడం, గ్రైప్ వాటర్ పట్టడం కక్కడాన్ని ఆపవు. నాలుకకు తేనె రాయడం ప్రమాదం కూడాను. ఏడాది లోపు బిడ్డకు తేనె వలన బాట్యులిజం అనే తీవ్ర వ్యాధి రావచ్చును. డబ్బా పాలను, పాలసీసాలను ప్రకటనలతో ప్రోత్సహించరాదని భారత ప్రభుత్వం 1992లో చట్టమే చేసింది. బిడ్డ కక్కిందన్న ఒక్క కారణంతో చనుబాలు మాన్పించరాదు.

కక్కే బిడ్డను బోర్లా పడుకోబెడితే మేలని పూర్వం పలు దేశాలలో వైద్యులే చెప్పేవారు. ఆ అభిప్రాయం మారింది. బోర్లా పడుకొని నిద్రించే పసిబిడ్డలలో ఆకస్మిక మరణాలు ఎక్కువని తేలిన పిమ్మట, 1991లో బ్రిటనులో, 1994లో అమెరికాలో, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేసినారు. అమెరికాలో అటువంటి మరణాలు తరువాతి సంవత్సరాలలో సగానికి తగ్గినవి. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు ఊపిరితిత్తులలోకి పోతాయన్న భయం సహజమే. కాని ఆ భంగిమలో శ్వాసనాళం పైన, అన్నవాహిక క్రింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు తిరిగి అన్నవాహికలోకే జారుతాయి. కనుక సమతలమైన గట్టి పక్క మీద, తలగడ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం.

మందుల విషయంలో తొందర పనికిరాదు. 1990ల దశకంలో పసిబిడ్డల రిఫ్లక్స్‌కు సిసాప్రైడ్ అనే మందును విరివిగా వాడినారు. అది గుండె లయను దెబ్బతీస్తుందని తెలియడంతో 2000లో అమెరికా విపణి నుండి తొలగించినారు; భారతదేశంలో 2011లో నిషేధించినారు. ఆరోగ్యంగా పెరిగే బిడ్డకు ఆమ్లం తగ్గించే మందులు కూడా అనవసరం. పక్కింటి బిడ్డకు రాసిన చీటీతో మందు కొనడం ఎంతమాత్రం తగదు.

అయితే ప్రతి కక్కునూ తేలికగా తీసుకొనరాదు. కక్కడం వేరు, వాంతి వేరు. పాలు పెదవుల ప్రక్కన జారితే అది కక్కు. పొట్ట బిగిసి, ధారగా దూరాన పడితే అది వాంతి. మూడు నుండి ఆరు వారాల బిడ్డ, ముఖ్యంగా మగబిడ్డ, తాగిన ప్రతిసారీ ధారగా వాంతి చేసుకొని, వెంటనే మళ్లీ ఆకలితో ఏడుస్తూ ఉంటే, జీర్ణాశయం చివరి ద్వారం మూసుకుపోతూ ఉండవచ్చును. జర్మన్ శస్త్రవైద్యుడు రామ్‌స్టెట్ 1912లో ప్రకటించిన చిన్న శస్త్రచికిత్సతో అది పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణాపాయం. ఆకుపచ్చని వాంతి అయితే పేగు మెలిపడి ఉండవచ్చును. రాత్రయినా పగలయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తం పడినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, మాడు ఉబ్బినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా అంతే. బరువు పెరగకపోయినా, పాలు చూడగానే విలవిలలాడి ఏడ్చినా, ఆరు నెలల తరువాత కొత్తగా మొదలైనా, ఏడాది దాటినా ఆగకపోయినా వైద్యునికి చూపించాలి. మలంలో రక్తపు జీరలు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే ఆవుపాల లోని మాంసకృత్తులు పడకపోవడం కారణం కావచ్చును. అప్పుడు కూడా వైద్యుని సలహాతో తల్లి కొన్ని వారాలు పాలు, పెరుగు మాని చూడవలసి ఉంటుంది గాని, చనుబాలు మానవలసిన పని లేదు.

ఆంధ్ర ప్రాంతానికి వెలుపల స్థిరపడిన కుటుంబాలకు మరొక సూచన అవసరం. వైద్యుడు మాట్లాడే భాష వేరు, ఇంటిలో అమ్మమ్మ మాట్లాడే భాష వేరు. పురిటికి వచ్చిన కొత్త కోడలికి స్థానిక భాష సరిగా రాకపోవచ్చును. "కక్కింది" అన్న మాట "వాంతి" అయి వైద్యుని చెవిన పడితే, అనవసరపు మందు చేతికి రావచ్చును. అందుచేత ఆసుపత్రికి పోయే ముందు నాలుగు సంగతులు కాగితం మీద వ్రాసుకొనిపోవాలి: రోజుకు ఎన్నిసార్లు, ఏ రంగు, జారిందా ధారగా పడిందా, క్రిందటి నెల బరువెంత, ఈ నెల బరువెంత. ఇంటిలో స్థానిక భాష చదివిన పిల్లలు దానిని ఆ భాషలో వ్రాసి ఇవ్వగలరు. రెండు భాషలు నేర్చిన చదువుకు అది చక్కని వినియోగం.

చివరగా ఇంటి పెద్దలకు ఒక విన్నపం. కక్కే బిడ్డకు కావలసినది ఎత్తుకొనే భుజం. అలసిన తల్లికి కావలసినది నింద లేని మాట. అత్తగారు అరగంట బిడ్డను భుజాన వేసుకొంటే, తండ్రి తడి గుడ్డలు పిండి ఆరవేస్తే, ఆ అరగంట తల్లి కన్ను మూస్తుంది. ఏడాది తిరిగేసరికి బిడ్డ కక్కడం మరచిపోతుంది. ఆ ఏడాదిలో ఇంటివారు అన్న మాటలను మాత్రం తల్లి మరచిపోదు. అవి మంచి మాటలు కావాలని, పసిబిడ్డలందరూ తల్లిపాలతో నిండుగా పెరిగి రేపు ఈ పాఠశాల మెట్లెక్కాలని ఆకాంక్షిస్తున్నాను.