ముందు సీట్లో అమ్మ

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1990-91 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగం)

మా బ్యాచ్ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలన్నారు. బాగా మాట్లాడగలిగిన వాళ్లు మాలో నలుగురున్నారు. వాళ్లంతా తెలివిగా వెనక వరసలో కూర్చున్నారు. కాబట్టి నన్ను భరించక తప్పదు.

బడి గురించి మాట్లాడమన్నారు. నేను దారి గురించి మొదలుపెడతాను. బడి దగ్గరికే వస్తాను, తొందరపడకండి.

ఈ సభ కోసం మేం ఐదుగురం హైదరాబాదు నుంచి కారులో వచ్చాం. నేను, మా ఆవిడ, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి, ఏడో తరగతి అబ్బాయి, మా అమ్మ. నార్కట్‌పల్లి మీదుగా అద్దంకి రోడ్డు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి ఊళ్లో ఉండొచ్చు. మాకు రెండు రోజులు పట్టింది. కారణం అమ్మ. "సాగరు మీదుగా పోదాంరా అబ్బాయ్, మళ్లీ నేనెప్పుడు చూస్తానో" అంది. డెబ్బై అయిదేళ్ల మనిషి ఆ మాట అన్నాక మ్యాపులో ఎన్ని నిమిషాలు తేడా వస్తుందో ఎవరు చూస్తారు?

అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. మోకాళ్లు చాపుకోవాలి, పైగా వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరగడం మా అబ్బాయికి కూడా ఉంది. ఇబ్రహీంపట్నం దాటకముందే ఒకసారి కారు ఆపించాడు. అమ్మ సంచిలోంచి నిమ్మకాయ తీసి వాడి చేతిలో పెట్టి, వాసన చూస్తూ దూరంగా ఉన్న చెట్టు చూడమంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే మళ్లీ వాంతి వస్తుందంది. అలా ఆ నిమ్మకాయ పుణ్యమా అని మావాడి ఫోను రెండు రోజులు మూతపడింది. మేం ఏడాదిగా చేయలేని పని అది.

సాగర్ దగ్గర డ్యామును చూసి పిల్లలు ఫొటోలు తీసుకుంటే, అమ్మ మాత్రం కుడి కాలువ ఎటుపోతుందో చూపించమంది. 1955 డిసెంబరులో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన డ్యాము, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటికి అమ్మకి పదిహేడేళ్లు. "ఆ నీళ్లు మన అద్దంకి బ్రాంచి కాలువకి వచ్చిందాకా మా పుట్టింట్లో జొన్నన్నమే. వరన్నం పండక్కి" అని చెప్పింది. మా అమ్మాయి "మిల్లెట్స్ హెల్దీ కదా నాయనమ్మా" అంది. అమ్మ దానికి సమాధానం చెప్పలేదు. చూసిన చూపు మాత్రం మా ఆవిడకు ఇంకా గుర్తుంది.

మాచర్ల నుంచి కారెంపూడి దాకా రెండు వైపులా మిరప తోటలు, మధ్యమధ్య పత్తి. మీకు తెలియంది కాదు, సంక్రాంతి రోజుల్లో ఆ నేల ఎలా ఉంటుందో. ఒక పక్క ఎర్రగా, ఒక పక్క తెల్లగా. కారెంపూడిలో వీర్ల గుడి చూపించి, నాగులేటి ఒడ్డున నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడి పందెం, చాపకూడు అంతా నేను ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. సోషల్ మాస్టారు మాకు చెప్పిన తీరులోనే చెప్పాననుకున్నాను. మావాడు "ఎవరి కోడి గెలిచింది?" అని ఒక్కటే అడిగాడు. చరిత్రలో వాడికి కావలసింది అంతే.

కారెంపూడి దాటాక ఒక మిరప చేను పక్కన అమ్మ కారు ఆపమంది. ఆ వయసు వాళ్లతో ప్రయాణం చేసేవాళ్లకి తెలుసు, ఎక్కడపడితే అక్కడ ఆపాల్సి వస్తుంది. కానీ దిగింది అందుక్కాదు. చేలో కాయలు కోస్తున్న వాళ్లలో పది పదకొండు మంది ఆడవాళ్లు, ఒక పక్కగా టార్పాలిన్ గుడారాలు, మూడు రాళ్ల పొయ్యి. గట్టు మీదికి వచ్చిన ఒక పిల్లని అమ్మ పలకరించింది. ఆ పిల్లకి మా అబ్బాయి వయసే ఉంటుంది. "ఏ వూరమ్మా మీది?" అంటే "కోసిగి దగ్గర" అంది. కర్నూలు జిల్లా. వానాకాలం పంట అయిపోగానే అక్కణ్ణుంచి ఇంటికి తాళం వేసుకుని మిరపకోతలకి మన వైపు వచ్చే సంసారాలు ఏటా వేలల్లో ఉంటాయి. "చదూకుంటున్నావా?" అంటే "ఏడు" అంది. బడి ఎవరు చూసుకుంటున్నారంటే నవ్వింది. ఉగాదికి పోతాం, అప్పుడు పోతాను అంది. అలా వచ్చే పిల్లల కోసం ప్రభుత్వం వాళ్ల ఊళ్లలోనే సీజనల్ హాస్టళ్లు పెట్టింది కూడా. అయితే చేతిలో చంటిపిల్లాడున్న తల్లి, వాణ్ణి చూసుకునే పెద్దపిల్లని హాస్టల్లో వదిలి రాదు. ఈ పిల్ల చంకలో తమ్ముడున్నాడు.

కారెక్కాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మే మొదలుపెట్టింది. "మీ నాన్నతో పాటు ఏడో తరగతి చదివిన పిల్లలు తెలుసా మీకు?" అంది వెనక్కి తిరక్కుండా.

ఇక్కడున్న మా బ్యాచ్ వాళ్లకు, మా ముందువెనక వాళ్లకు 1987 గురించి నేను చెప్పక్కర్లేదు. తర్వాతి బ్యాచ్‌ల వాళ్లకోసం చెబుతున్నాను. డెబ్బైల్లో హైబ్రిడ్ పత్తి వచ్చింది. వరలక్ష్మి అనే రకం పేరు మన ఇళ్లలో ఆడపిల్ల పేరులాగా పలికేవాళ్లు. కొన్నేళ్లు బాగా పండింది. పొగాకు వేసేవాళ్లు, జొన్న వేసేవాళ్లు అంతా పత్తికి మళ్లారు. భూమి లేని వాళ్లు కౌలుకి తీసుకుని వేశారు. ఎనభైల నడిమికి తెల్లదోమ వచ్చింది. తర్వాత కాయ తొలిచే పచ్చపురుగు. పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి కొడితే పురుగు రాలిపోయింది. కొట్టగా కొట్టగా పురుగు ఆ మందుకి అలవాటుపడింది. తోడుగా, దోమని, పురుగుని తినే మంచి పురుగులు చచ్చిపోయాయి. ఇది తర్వాత శాస్త్రవేత్తలు చెప్పిన సంగతి. ఆ ఏడు రైతుకి తెలిసింది ఒకటే, పక్క చేనువాడు ఇంకో మందు కలిపి కొడుతున్నాడని. మా నాన్న ఇరవై రెండు సార్లు కొట్టాడని అమ్మ లెక్క. మందు అరువు, కౌలు అప్పు, నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. ఆ శీతాకాలం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. దేశం పత్తి రైతు చావుల గురించి మాట్లాడుకోవడం ఆ తర్వాతే మొదలైంది.

మా చిన్నాన్న అందులో ఒకడు. నాలుగెకరాలు కౌలుకి చేశాడు. మా పిల్లలకి ఇన్నేళ్లూ మేం "చిన్నతాత జ్వరంతో పోయాడు" అనే చెప్పాం. మా ఇంట్లో నాయనమ్మ బతికున్నంత కాలం ఆ మాటే మాట. అమ్మ నరసరావుపేట ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఏడవలేదు. చేనుకి తెచ్చిన మందే తాగాడని, తెల్లవారుజామున చూశామని, ఎడ్లబండి కట్టి రోడ్డెక్కేలోపే అయిపోయిందని. నేను నడుపుతున్నాను కాబట్టి రోడ్డు చూస్తూ ఉండిపోయాను. మా ఆవిడ కారు ఆపమన్నట్టు భుజం తట్టింది. అమ్మ "పోనీరా, పోనీ" అంది. మావాడు ఒక ప్రశ్న అడిగాడు. "ఆ అప్పు ఎవరు కట్టారు నాయనమ్మా?"

"మీ తాత నాలుగేళ్లు కట్టాడు. మిగతాది మీ చిన్న నాయనమ్మ మెళ్లో తాడుతో పోయింది" అంది.

ఆ రాత్రి నరసరావుపేటలో మా మేనమామ ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే కోటప్పకొండ. కొండ మీద కాకి వాలదంటారు కదా, మావాడు అది తేల్చుకుంటానని గుడి చుట్టూ తల పైకెత్తుకుని తిరిగాడు. లెక్క సున్నా అని ప్రకటించాడు. అమ్మ ఘాట్ రోడ్డు దిగుతూ తన చిన్నతనం చెప్పింది. శివరాత్రికి అద్దంకి వైపు నుంచి నాలుగు గూడుబళ్లు కట్టుకుని రాత్రంతా నడిపించేవాళ్లట. ఇరుసు కింద లాంతరు, గడ్డి మీద దుప్పటి, దాని మీద పిల్లలు. వాళ్ల నాయనమ్మ బండి ముందు కూర్చుని దారిలో వచ్చే ప్రతి చేనూ ఎవరిదో, ఏ ఏడు ఎవరికి అమ్మారో, ఎవరింట్లో పెళ్లి ఎందుకు ఆగిందో చెబుతూ వచ్చేదట. చీకట్లో చేను ఎట్టా తెలిసేదో అమ్మకి ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పుడదంతా గుంటూరు జిల్లా. అద్దంకి, ఒంగోలు తాలూకాలు 1970లో కొత్త జిల్లాలోకి పోయాయి. "నేను కదల్లా, జిల్లాలే కదిలినయ్" అంటుంది అమ్మ.

చిలకలూరిపేట దగ్గర హైవే ఎక్కాక అమ్మ కూడా అదే పని చేసింది. మార్టూరు వైపు వస్తుంటే, ఇప్పుడు ప్లాట్లైన చోట, గోడౌన్లు లేచిన చోట, "ఇది ఫలానా వాళ్ల పత్తి చేను. ఎనభై ఎనిమిదిలో అమ్ముకుని సింధనూరు పోయారు. వాళ్ల పిల్లోడు మీ నాన్న బెంచీయే" అంటూ ఒక్కొక్కరినీ చెప్పింది. తుంగభద్ర కాలువల కింద గంగావతి, సింధనూరు వైపు మనవాళ్ల క్యాంపులు అప్పటికే ఉన్నాయి. చుట్టాలున్న వాళ్లు అక్కడికి పోయారు. లేనివాళ్లు హైదరాబాదులో ఇళ్లు కట్టే పనికి పోయారు. మా అమ్మాయి ఎప్పుడు మొదలుపెట్టిందో తెలీదు, వెనక సీట్లో ఆ పేర్లన్నీ రాసుకుంటోంది. ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఎనిమిది పేర్లయ్యాయి. అందరూ 1987-88లో ఏడో తరగతి. ఏడో తరగతి కామన్ పరీక్ష రాయకుండానే పోయినవాళ్లు.

అందులో మొదటి పేరు మా చిన్నాన్న కూతురు. నాకు చెల్లెలు, నా క్లాసే. చదువులో నాకన్నా మెరుగు, లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, అడగండి. తండ్రి పోయిన రెండు నెలలకి తల్లితో కలిసి సింధనూరు దగ్గర క్యాంపులో మేనమామల ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ నాట్లు, కలుపులు, తర్వాత పెళ్లి. అమ్మ కారులోంచే ఫోను చేయించి, "మన బడి పండగంట, రావే" అంది. స్పీకరులో మేమందరం విన్నాం. "నాకు కార్డు రాలేదుగా పెద్దమ్మా. పది పాసైన వాళ్లదంటగా. అన్నయ్య వస్తున్నాడుగా, చాల్లే" అంది. ఆ మాటలో కోపం లేదు. వరి కోతల గురించి, మనవరాలి దగ్గు గురించి మాట్లాడి పెట్టేసింది.

కమిటీ వారిని నేను తప్పు పట్టడం లేదు. చిరునామాలు వెతకడానికి వాళ్లకు దొరికింది పదో తరగతి మార్కుల జాబితాలే. యాభై బ్యాచ్‌ల జాబితా దుమ్ములోంచి తీయడమే పెద్ద పని, దానికి వాళ్లు పడ్డ కష్టం నాకు తెలుసు. నేను నిన్న సాయంత్రం హెడ్మాస్టరు గారిని అడిగి పాత అడ్మిషన్ రిజిస్టరు చూశాను. పిల్లలూ, అమ్మా కూడా వచ్చారు. పేజీలు చిరగలేదు, సిరా వెలిసింది. మా అమ్మాయి రాసుకున్న ఎనిమిది పేర్లూ అందులో ఉన్నాయి, పుట్టిన తేదీలతో, తండ్రి పేర్లతో సహా. చివరి గడిలో ఎర్ర సిరాతో "దీర్ఘకాలం గైర్హాజరు, పేరు తొలగించడమైనది" అని ఉంది. టీసీ తీసుకున్న తేదీ గడి ఖాళీ. ఎనిమిది మందికీ ఖాళీయే. మా అమ్మాయి ఆ గడి మీద వేలు పెట్టి, "టీసీ తీసుకోలేదంటే ఇంకా ఈ స్కూల్ స్టూడెంట్సేగా నాన్నా?" అంది. హెడ్మాస్టరు గారు నవ్వి, రూలు ప్రకారం అంతేనమ్మా అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ అన్నారు.

ఆ మాట పట్టుకునే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను. పత్తి అంతటితో ఆగలేదు. 2002లో బీటీ పత్తి వచ్చింది, మందు కొట్టడం కొన్నేళ్లు తగ్గింది, మళ్లీ గులాబీ రంగు పురుగు వచ్చింది. 2021లో మిరపకి నల్ల తామర పురుగు పట్టినప్పుడు చేలకు చేలే దున్నేసుకున్న వాళ్లు ఈ సభలో ఉన్నారు. ఒక్కో పురుగుకి ఒక్కో క్లాసులో కొన్ని బెంచీలు ఖాళీ అయి ఉంటాయి. మా క్లాసువి మా అమ్మకి తెలుసు. మిగతా క్లాసులవి మీ ఇళ్లలో పెద్దవాళ్లకి తెలుస్తాయి. వాళ్లని ఊరికే కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. కారెక్కించి మన పొలాల మీదుగా తిప్పండి, వాళ్లే చెబుతారు. పిల్లల చేత రాయించండి.

సంఘానికి నా విన్నపం ఒకటే. సభ్యత్వ నియమంలో "పదో తరగతి పూర్తిచేసిన" అని ఉన్నచోట "ఈ బడిలో చేరిన" అని మార్చాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇది పెడతాను, మా బ్యాచ్ వాళ్లు బలపరుస్తామన్నారు. కార్డులు పంపడానికయ్యే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

ఈ కాగితం మా అమ్మాయి రాసింది. కార్యదర్శి గారికి ఇస్తున్నాను. ఎనిమిది పేర్లు పూర్తిగా ఉన్నాయి, ఐదుగురి ఫోను నంబర్లు నిన్న రాత్రికి దొరికాయి. తొమ్మిదో పేరు ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ అమ్మకి గుర్తొచ్చింది. చెరువు కట్ట కింద ఇల్లు, తండ్రి బోరేలు తొక్కడానికి వచ్చేవాడు, పిల్ల ఎడమచేత్తో రాసేది. ఇంటిపేరు చెప్పింది, అసలు పేరు గుర్తు రాలేదు. అమ్మ మూడో వరసలో కూర్చుంది, ఆకుపచ్చ చీర. ఎవరికైనా తెలిస్తే సభ అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి చెప్పండి. పెన్ను మా అబ్బాయి దగ్గరుంది.