ఊపిరిని గమనించండి – తెల్లవారే దాకా ఆగకండి

(ఆసుపత్రి ఓపీ హాలులో రోగుల కుటుంబసభ్యులకు చేసిన ప్రసంగం)

 

ఆదాముకు ప్రాణమిచ్చింది దేవుని ఊపిరేనని ఆదికాండములో చదువుకుంటాం. ఆ ఊపిరి కష్టమైతే ఒంట్లో ఏ భాగమూ సరిగా పనిచేయదు. అందుకే ఈ రోజు మీకు ఒక్క విషయం చెబుతాను. ఇంట్లో ఎవరికైనా దగ్గు వచ్చినప్పుడు దగ్గు చప్పుడు విని ఊరుకోకండి. ఊపిరి ఎలా ఆడుతోందో కళ్లతో చూడండి.

పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం ఎలా?

పిల్లలకు జలుబు, దగ్గు వస్తూనే ఉంటాయి. చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. అయితే జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగితే దాన్ని నిమోనియా అంటాం. అప్పుడు ఊపిరి వేగం పెరుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు, అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు.

బిడ్డ నిద్రలో గానీ, ఏడవకుండా ఒళ్లో పడుకున్నప్పుడు గానీ చొక్కా పైకెత్తి చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. గడియారమో, సెల్‌ఫోనో పక్కన పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. పసిబిడ్డలు కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా ఊపిరి తీస్తారు. కాబట్టి అర నిమిషం చూసి రెట్టింపు చేయవద్దు.

నిమిషానికి ఈ లెక్క వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే:

- 2 నెలల లోపు బిడ్డకు 60 లేక అంతకంటే ఎక్కువ
- 2 నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 లేక అంతకంటే ఎక్కువ
- 1 నుండి 5 ఏళ్ల లోపు బిడ్డకు 40 లేక అంతకంటే ఎక్కువ

ఇలా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. 2 నెలల లోపు బిడ్డకు మరోసారి లెక్కపెట్టినా 60 వస్తే అసలు ఆగవద్దు.

రాత్రయినా వెంటనే బయలుదేరవలసిన గుర్తులు

- ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోవడం. 'డొక్కలు ఎగరేస్తున్నాడు' అంటాం కదా, అదే.
- ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలగడం
- పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం
- మత్తుగా పడి ఉండడం, ఫిట్స్ రావడం
- పెదవులు, నాలుక నీలంగా మారడం

జ్వరం లేదు కదా అని ధైర్యంగా ఉండకండి. చిన్నబిడ్డలకు, బలహీనంగా ఉన్నవారికి జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు చల్లబడవచ్చు కూడా.

పెద్దలకు ఒక మనవి

వార్డుకు వచ్చే కొందరు పసివాళ్ల పొట్టమీద వాతల మచ్చలు కనిపిస్తాయి. వాత పెడితే ఊపిరితిత్తుల్లోని జబ్బు పోదు. బిడ్డకు నొప్పి, పుండు మిగులుతాయి. మందు పడవలసిన ఒక రోజు పోతుంది. అమ్మమ్మలూ, నానమ్మలూ! ఇంట్లో మీ మాట చెల్లుతుంది. 'వాళ్ల నాన్న వచ్చాక చూద్దాంలే' అని కోడలిని ఆపకండి. 'పదమ్మా, ఆసుపత్రికి పోదాం' అనే మాట ముందు మీ నోటనే రావాలి.

ఆయాసపడుతున్న బిడ్డ నోట్లో కషాయం, ఆముదం బలవంతంగా పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కులో నూనె వేయకండి. సాంబ్రాణి పొగ పెట్టకండి. పోయినసారి మిగిలిన మందు మళ్లీ పట్టకండి.

పెద్దవాళ్ల విషయంలో

ఒక మాట పూర్తిచేసే లోపే ఆయాసం వస్తున్నా, ఆయాసంతో పాటు గుండెనొప్పి, చెమటలు ఉన్నా వెంటనే తీసుకురండి. వెల్లకిలా పడుకోలేక అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నారా? పాదాలు వాచాయా? అది గుండె బలహీనత కావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి పీల్చే మందుతో ఆయాసం తగ్గకపోతే ప్రమాదం. పిల్లికూతలు ఆగిపోయి ఆయాసం మాత్రం పెరుగుతుంటే నయమైందనుకోకండి, గాలి ఆడడం లేదని అర్థం. 2 వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించండి.

2020లో కరోనా వచ్చాక వేలికి పెట్టే ఆక్సిమీటరు చాలా ఇళ్లకు చేరింది. అందులో అంకె 94 కంటే తగ్గితే డాక్టరుకు చూపించండి. అంకె బాగానే ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

బయలుదేరేటప్పుడు

108కి ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు. పెద్దవారిని వీపుకు ఆనుకునేలా కూర్చోబెట్టండి. బిడ్డను తల కాస్త ఎత్తుగా ఉండేలా ఎత్తుకోండి. బిగుతు బట్టలు వదులు చేయండి. వాడుతున్న మందులు, పాత చీటీలు వెంట తెచ్చుకోండి.

జబ్బు రాకముందే చేయగలిగినవీ ఉన్నాయి. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వండి. ఇంట్లో బీడీ, చుట్ట కాల్చనివ్వకండి. ప్రభుత్వం ఉచితంగా వేసే నిమోనియా టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు తప్పక వేయించండి.

ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. అయితే ప్రార్థిస్తూనే బయలుదేరండి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో నర్సులు మెలకువగానే ఉంటారు. దేవుడు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక.