పసికందు కామెర్లు – పిత్తనాళ పరీక్ష
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపము ఆరిపోకుండ కాపాడుచు వచ్చిన మీ గ్రంథాలయమునకు నా హృదయపూర్వక అభినందనములు. నేను వైద్యుడనగుటచే వైద్యవిషయ మేదైన ముచ్చటింపుమని కార్యదర్శిగారు కోరిరి. తరచుగా వచ్చు జబ్బులను గూర్చి మీ బీరువాలలో పుస్తకములు కలవు. కావున అరుదైనదే యైనను, తెలియకపోవుట వలన ప్రాణము తీయు నొక శిశువ్యాధిని గూర్చియు, దానిని కనిపెట్టుటకు తోడ్పడు నొక పరీక్షను గూర్చియు చెప్పదలచితిని.

పుట్టిన రెండవ, మూడవ దినమున బిడ్డ యొడలు పచ్చబడుట తల్లులెరిగినదే. సాధారణముగ నది రెండు వారములలో తగ్గిపోవును. తగ్గకున్నచో అదే పోవునని కొందరు, నేల ఉసిరి పసరు పోయుమని కొందరు, వాతలు పెట్టించుమని కొందరు చెప్పుదురు. అందరును మేలుకోరి చెప్పువారే. కాని ఆ మాటలు వినుచుండగనే విలువైన దినములు గడచిపోవును.

కాలేయమును ఒక చెరువనుకొనుడు. అందు తయారగు పిత్తరసము నీరు, పిత్తనాళము తూము, ప్రేగు పొలము. మలమునకు పసుపువన్నె నిచ్చునది ఆ పిత్తరసమే. తూము మూసుకొనిపోయినచో పొలమునకు నీరందదు; మలము సుద్దవలె తెల్లబడును. చెరువులో నీరు పోటెత్తి గట్లను కోయును. కాలేయము చెడి గట్టిపడును. నీరు దారితప్పి ఊరిమీద పడినట్లు పసుపు నెత్తురులో చేరి కన్నులను, మూత్రమును పచ్చగా చేయును. దీనినే వైద్యులు బిలియరీ ఎట్రీసియా యందురు. పెక్కు దేశములలో 10,000 నుండి 20,000 శిశువులకు ఒకరికి వచ్చుచుండును.

ఇట్టి లక్షణములే కాలేయపు వాపు వలనను కలుగవచ్చును. అందు తూము తెరచియే యుండును, చెరువే పాడైనది. మొదటిదానికి శస్త్రచికిత్స కావలయును, రెండవదానికి అక్కరలేదు. పైకి రెండును ఒక్కటిగనే కనబడును. వీనిని వేరుచేయుటకు రక్తపరీక్షతోడను, అల్ట్రాసౌండు పరీక్షతోడను పాటు అణువైద్య పరీక్ష యొకటి ఉపయోగించుచున్నది.

1937లో ఇటలీ దేశపు పలెర్మో నగరమున సెగ్రే, పెరియర్ అను శాస్త్రజ్ఞులు టెక్నీషియము అను మూలకమును కనుగొనిరి. మానవుడు కృత్రిమముగ సృష్టించిన మొదటి మూలకమిదే. దీని యొక రూపము, టెక్నీషియము-99ఎమ్, 6 గంటలలో సగమగును; 24 గంటలకు పదునారవ వంతు మాత్రమే మిగులును. మెబ్రోఫెనిన్ అను మందుతో దీనిని చేర్చి అత్యల్పముగ బిడ్డ నరములోని కెక్కింతురు. కాలేయము దానిని రక్తమునుండి గ్రహించి పిత్తరసముతో పాటు క్రిందికి పంపును. పైనున్న గామా కెమెరా ఆ ప్రయాణమును పటములుగ తీయును. ఈ కెమెరా తానుగా ఏ కిరణమును వెదజల్లదు. బిడ్డ శరీరమునుండి వచ్చువానిని స్వీకరించుట మాత్రమే దాని పని. పరీక్షకు ముందు 5 దినములు ఫినోబార్బిటాల్ అను మందు నిచ్చి కాలేయమును చురుకు పరచుట వాడుక.

ఆరోగ్యవంతుడగు శిశువునందు గంటలోపుగనే మందు ప్రేగులో కనబడును. ఎంత ఆలస్యముగనైనను ప్రేగులో కనబడినచో తూము తెరచియున్నట్లే. 24 గంటలు గడచినను కనబడకున్నచో మూసుకొనినదని శంకింపవలయును. శంకింపవలయునే గాని నిశ్చయింపరాదు. కాలేయపు వాపు తీవ్రమైనప్పుడును మందు దిగకపోవచ్చును. అందుచే కాలేయపు తునకను పరీక్షించి, శస్త్రచికిత్స సమయమున నాళములలోనికి రంగుమందు పంపి పటము తీసి నిర్ధారణ చేయుదురు. ఈ పరీక్షకై ఎదురుచూచుచు చికిత్సను ఆలస్యము చేయుటయు తగదు.

జపాను దేశమున సెండాయి నగరమందలి తొహొకు విశ్వవిద్యాలయ వైద్యుడు మొరియో కసాయి 1959లో ఒక శస్త్రచికిత్సను ప్రకటించెను. చెడిన నాళమును తొలగించి, ప్రేగును పైకి తెచ్చి కాలేయమునకే కుట్టుదురు. బిడ్డకు 60 దినములు నిండకముందే చేసినచో ఫలితము మెండు. కొందరికి తరువాత కాలేయమార్పిడి అవసరము కావచ్చును. చికిత్సయే లేకున్నచో పెక్కుమంది రెండేండ్లు దాటి బ్రతుకరు.

ఒక తల్లి నాల్గవ నెలలో బిడ్డను నా యొద్దకు తెచ్చెను. మలము తెల్లగా నుండుట మొదటి నెలనుండియు చూచినదట. "పాలే తాగుతున్నాడు గదా బాబూ, పాలలాగే ఉంటుందనుకున్నాను" అనెను. ఆమె యందు తప్పు లేదు. ఆమెకు చెప్పినవారు లేరు. కాలేయ మప్పటికే గట్టిపడినది. ఆ బిడ్డ దక్కలేదు. ఆ మాట నే నింతవరకు మరువలేకున్నాను.

తైవాను 2004లోను, జపాను 2012లోను దేశమంతటను తల్లులకు మలపు రంగులను చూపు చీటీల నిచ్చు ఏర్పాటు చేసినవి. అట్టి పట మొకటి వైద్యులచేత వ్రాయించి ఈ గ్రంథాలయపు గోడకు తగిలింపుడని నా మనవి. చదువురాని తల్లియు రంగును చదువగలదు. పదునాలుగు దినములు దాటినను బిడ్డ పచ్చగానే యున్నచో, లేక మలము తెల్లబడినచో, ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపొండు. ఇందులో ఏ ఒక్క బిడ్డ దక్కినను ఈ రజతోత్సవము సార్థకమగును.