లెక్క ఒకటే, కొలత వేరు: పక్కటెముకలు, హార్నెస్

రీడింగ్ నుంచి మాట్లాడుతున్నా. నేను డాక్టర్ని కాదు, ఐటీఐ చదివి సైటు సూపర్‌వైజర్‌ని అయ్యాను. ఈ రోజు మాట పక్కటెముకల గురించి. ఎత్తు మీద పనిచేసేవాళ్ల హార్నెస్ పట్టీ వాటి మీదుగానే పోతుంది కదా, అందుకని.

మగవాళ్లకి పక్కటెముక ఒకటి తక్కువని సైటు క్యాంటీన్లో చాలాసార్లు విన్నా. ఆదాము పక్కటెముకతో హవ్వను చేసిన కథ నుంచి వచ్చిన నమ్మకం అది. నాన్నకి వేలు తెగితే కొడుకు వేలు లేకుండా పుడతాడా? 1543లోనే వెసాలియస్ అనే వైద్యుడు శవాలు కోసి చూసి, ఇద్దరికీ సమానమేనని రాశాడు. ఆడైనా మగైనా 12 జతలు, మొత్తం 24. అరుదుగా కొందరికి మెడ దగ్గర ఒకటి అదనంగా ఉంటుంది.

తేడా లెక్కలో లేదు, ఆకారంలో ఉంది. ఒకే ఎత్తు మనుషుల్ని పోల్చినా, సగటున ఆడవాళ్ల ఎముకల గూడు చిన్నది. పక్కటెముకలు కిందికి ఎక్కువ వాలి ఉంటాయి, ఎదురు రొమ్ము ఎముక పొట్టిది.

అందుకే మగవాళ్ల కొలతకి కుట్టిన హార్నెస్ ఆడవాళ్లకి సరిగా కూర్చోకపోవచ్చు. ఛాతీ పట్టీ పైకి జరిగి ఉంటే, పడినప్పుడు అది గొంతుకి పట్టేయొచ్చు. ఎంత బిగించినా పట్టీ ఛాతీ మధ్యలో నిలవకపోతే ఆ సైజు మీది కాదు. తొడ పట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. సన్నగా ఉండే మగవాళ్లకీ ఇదే పరీక్ష.

బ్రిటన్‌లో రక్షణ సామగ్రి మనిషికి సరిపోవాలని 1992 నిబంధనలే చెప్తున్నాయి. 2022 ఏప్రిల్ 6 నుంచి అవి రోజుకూలీ లాంటి క్యాజువల్ వర్కర్లకీ వర్తిస్తున్నాయి. దానికి మీ జీతంలోంచి డబ్బు కోయకూడదు. కాబట్టి "వేరే సైజు ఇవ్వండి" అనడం గొంతెమ్మ కోరిక కాదు, మీ హక్కు.

ఇంకొకటి. పక్కకి దెబ్బ తగిలితే గుడ్డతో బిగించి కట్టుకోవద్దు. ఊపిరి పూర్తిగా తీసుకోలేక ఛాతీలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆయాసం పెరిగినా, దగ్గులో రక్తం పడినా ఇక్కడైతే 999కి ఫోన్ చెయ్యండి. షిఫ్టు అయ్యేదాకా ఆగొద్దు.

హార్నెస్ సరిపోక ఇబ్బంది పడుతున్న చెల్లెలు మీ సైటులో ఉంటే, ఈ ఎపిసోడ్ ఆమెకి పంపండి. ఉంటా మరి.