వలస వచ్చింది ఎవరు?

(మండవల్లిలో జరిగిన పుస్తక పరిచయ సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన పత్రిక వాళ్లు కొల్లేటి ఒడ్డుకొచ్చి ఒక ఇంగ్లీషు నవల గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించడంలో తప్పు లేదు. ఆ ఉద్యమంలో మేము రోడ్డెక్కినం, ధర్నాల్లో కూర్చున్నం, రాత్రికి వచ్చి వార్తలు రాసినం. ‘వలస పాలకులు’ అనే మాటను మా పేజీల్లో లెక్కలేనన్నిసార్లు అచ్చేసినం. అదే పేజీల్లో పాలమూరు కూలీల గురించి రాసినప్పుడు ‘వలస బతుకులు’ అని శీర్షిక పెట్టినం. ఒకే మాట ఒకచోట అధికారం చేసేవాడి పేరైంది. ఇంకోచోట మూట తల కింద పెట్టుకొని బస్టాండులో పడుకునేవాడి పేరైంది. కాలనీ అన్నా వలసే, బతుకుదెరువుకు ఊరొదిలినా వలసే. ఈ ఇద్దరి నడుమ ఉన్న లెక్కను ఈ నవల తేలుస్తుంది. అందుకే వచ్చినం.

నవల పేరు ‘ది లోన్లీ లండనర్స్’. ఒంటరి లండనువాసులు అని మనం చెప్పుకోవచ్చు. 1956లో వచ్చింది. రాసింది శామ్యూల్ సెల్వన్. 1923లో కరీబియన్ దీవుల్లోని ట్రినిడాడ్‌లో పుట్టాడు. తండ్రి వైపు మూలాలు మద్రాసువి. తల్లికి తండ్రి స్కాట్లాండ్ మనిషి. సెల్వన్ పుట్టిననాటికి మనం కూర్చున్న ఈ మండవల్లి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. అంటే ఒకే సర్కారు కింద ఉన్న నేల నుంచి వెళ్లిన కుటుంబపు బిడ్డ రాసిన పుస్తకమిది.

ఆ కుటుంబాలు అంత దూరం ఎందుకు పోయాయి? ఆ దీవుల్లో చెరుకు తోటలు ఇంగ్లీషు దొరలవి. ఆ తోటల్లో పని ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసలది. 1830లలో బానిసత్వం రద్దయ్యాక దొరలకు కూలీలు కరువయ్యారు. 1845 నుంచి 1917 దాకా సుమారు లక్షా 43 వేల మంది భారతీయులను ఒప్పందం కూలీలుగా ఒక్క ట్రినిడాడ్‌కే ఓడల్లో తరలించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి పోయారు. మొదట దొర వలస పోయాడు. భూమి పట్టుకున్నాడు, చట్టం రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ భూమిలో పని చేయడానికి కూలీలను వలస పట్టుకొచ్చాడు. మొదటి వలసే రెండో వలసను పుట్టించింది. ఈ వరుస గుర్తు పెట్టుకుంటే నవల సగం అర్థమైనట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దీవుల కుర్రాళ్లు బ్రిటన్ తరఫున యుద్ధానికి పోయారు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో కూలిన ఇళ్లు ఉన్నాయి, కట్టడానికి చేతులు చాలలేదు. 1948లో వచ్చిన జాతీయతా చట్టం సామ్రాజ్యంలోని వాళ్లంతా బ్రిటన్ పౌరులేనని చెప్పింది. అదే ఏడాది జూన్ 22న ‘ఎంపైర్ విండ్రష్’ అనే ఓడ లండన్ దగ్గరి టిల్బరీ రేవుకు చేరింది. అందులో కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు 800 మందికి పైనే. తల్లి దేశానికి పోతున్నామనుకొని వచ్చారు వాళ్లు. బడిలో వాళ్లకు నేర్పింది అదే.

సెల్వన్ మాలాగే పత్రికల మనిషి. ‘ట్రినిడాడ్ గార్డియన్’లో పనిచేసి, 1950లో ఓడెక్కి లండన్ చేరాడు. తను చూసిన మనుషులనే ఆరేళ్లకు నవలలో పెట్టాడు.

కథ అంటూ పెద్దగా లేదు. మోజెస్ అనే ట్రినిడాడ్ మనిషి ఉంటాడు. లండన్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాడు. గిన్నెలు తోమే పీచు తయారుచేసే ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. చలికాలం రాత్రి వాటర్లూ స్టేషన్‌కు పోతాడు, ఊరి నుంచి వచ్చే ఒక కొత్తవాణ్ణి దింపుకోవడానికి. ఆ కొత్తవాడికి మోజెస్ పెట్టిన పేరు గలహాద్. వాడు ఎముకలు కొరికే చలిలో పల్చటి సూటు వేసుకొని, సామానంటూ ఒక్క పళ్ల బ్రష్షుతో దిగుతాడు. దుబాయి విమానం దిగిన మన కరీంనగర్ పిల్లగాణ్ణి, కువైట్‌లో దిగిన మీ గోదావరి జిల్లాల ఆడబిడ్డను ఒక్కసారి తల్చుకోండి. రూములో ముందే ఉన్న ఊరివాడు లేకపోతే ఆ మొదటి వారం ఎట్లా గడిచేది?

అదే స్టేషన్‌లో ఒక విలేకరి మోజెస్‌ను పట్టుకుంటాడు. జమైకా నుంచి ఇంతమంది ఎందుకు వస్తున్నారని అడుగుతాడు. మోజెస్‌ది జమైకా కాదని తెలుసుకునే ఓపిక కూడా ఆ విలేకరికి లేదు. మోజెస్ ఇళ్ల కష్టం, ఉద్యోగాల కష్టం ఎత్తుకోగానే జారుకుంటాడు. మా వృత్తివాళ్లు ఈ పేజీ తప్పకుండా చదవాలి.

తర్వాత పని వెతుకులాట. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో రికార్డు మీద జమైకా మనిషి, నల్లవాడు అని తెలిసే గుర్తు ఒకటి వేస్తారు. యజమానికి ముందే ఫోనులో చెప్పేస్తే వాడు ఖాళీ లేదంటాడు. ఎవరూ తిట్టరు, ఎవరూ కొట్టరు. ఒక చిన్న గుర్తు, అంతే. ఆఫీసుల్లో పనిచేసే మిత్రులకు ఫైలు మీద పడే చిన్న గుర్తు బలమేమిటో మేము చెప్పక్కర్లేదు.

పని లేని చలికాలంలో గలహాద్ పార్కులో పావురాన్ని పట్టుకొని కోటు కింద దాచి తెస్తాడు. చూసిన ఒక ముసలావిడ కేకలు పెడుతుంది. పావురానికి ఆ ఊళ్లో గింజలు వేసేవాళ్లున్నారు, వీడి ఆకలి మాత్రం ఎవరికీ పట్టదు. ఇంకోచోట ఇదే గలహాద్ తన చేతి రంగుతోనే మాట్లాడతాడు. కష్టమంతా నీ వల్లనే వచ్చిందని ఆ రంగును నిలదీస్తాడు. నవ్వు తెప్పిస్తూ రాశాడు సెల్వన్. చదివినవాడికి నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఇప్పుడు భాష సంగతి. సెల్వన్ ఈ నవలను మొదట బడిలో నేర్చిన శుద్ధమైన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. సాగలేదు. మనుషులు కదల్లేదు. అప్పుడు తన దీవిలో జనం మాట్లాడే యాసలోకి మారాడు. పాత్రల మాటలకే యాస పెట్టి ఊరుకోలేదు, కథ చెప్పే గొంతును కూడా యాసలోనే నడిపాడు. నవల పరుగెత్తింది. దీని బరువు మాకు తెలుసు. మా యాసను సినిమాల్లో రౌడీకి, హాస్యగాడికి కేటాయించిన కాలంలో మేము చదువుకున్నం. ‘పాత్రలకు యాస, రచయితకు ప్రామాణిక భాష’ అనే పద్ధతిలో ఒక ఎత్తుపల్లం ఉంది. చెప్పేవాడు పైన ఉంటాడు, బతికేవాడు కింద ఉంటాడు. సెల్వన్ ఆ మెట్టు తీసేశాడు. ఇది మా ఒక్కరి గోడు కూడా కాదు. శ్రీకాకుళం మాటకూ అదే గతి పట్టింది. మీ కొల్లేటి లంకల్లో వలలేసే వాళ్ల మాట ఎన్ని పుస్తకాల్లో ఉంది? అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ ఈ సరస్సును నవలకెక్కించింది. ఇంకా రావాల్సినవి ఎన్నో ఉన్నాయి.

మనకు ఇంతకంటే పాత కథ ఉంది. మీ తాతల నోట ‘రంగం పోవడం’ అనే మాట వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచేవాళ్లు. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్లే. 1930 మేలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు దింపించే బ్రిటిష్ కంపెనీలు వెంటనే బర్మా కూలీలను పిలిచి పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మా వాళ్లను పొమ్మన్నాయి. పేదవాడు పేదవాడి మీద పడ్డాడు. రంగూన్ వీధుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మన కూలీలే. ఇద్దరినీ ఆడించిన కంపెనీల వ్యాపారం మాత్రం ఆగలేదు.

1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు బర్మా నుంచి సుమారు ఐదు లక్షల మంది భారతీయులు పారిపోయి వచ్చారు. చాలామంది కొండలూ అడవులూ నడిచి దాటారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1960లలో మళ్లీ ఒక విడత వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ అనే పేరు ఇప్పటికీ ఉంది. ట్రినిడాడ్ వాళ్లకు సెల్వన్ దొరికాడు. రంగం కూలీకి సెల్వన్ ఏడీ?

ఇక మన నడుమ ఉన్న అసలు మాటకు వస్తాం. నిజాంసాగర్ కింద నీళ్లు పారినప్పటి నుంచి కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు నిజామాబాద్ వైపు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఉద్యమంలో ‘సెటిలర్’ అనే మాట పెద్దదైంది. భూమి కొనగల రైతు వేరు, ఆ రైతు వెంట నాట్లు వేయడానికి వచ్చిన కూలి వేరు, హైదరాబాదులో కాంట్రాక్టులూ పదవులూ పట్టుకున్నవాడు వేరు. ముగ్గురినీ ఒకే మాటతో పిలిస్తే లాభం ఎవరికి? పైవాడికే. వాడి మీద పడాల్సిన ప్రశ్న కిందివాడి మీద పడి చల్లారిపోతుంది. రంగూన్‌లో జరిగింది అదే. మా కొట్లాట నీళ్లు, నిధులు, నియామకాల మీద. చెరువు గట్టు మీద కాపలా పడుకునేవాడి మీద కాదు. ఈ మాట ఉద్యమంలో ఉన్నప్పుడూ చెప్పినం, 2014లో రాష్ట్రం వచ్చినాకా చెబుతున్నం.

కొల్లేటి సంగతే తీసుకోండి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సులోని చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సును కాపాడడం అవసరమే. కానీ గట్లు తెగినప్పుడు లీజుకు పెట్టుబడి పెట్టినవాడు ఇంకోచోట చెరువు తవ్వుకోగలడు. అదే చెరువు మీద వల లాగి కూలి తీసుకున్నవాడికి ఆ వీలు లేదు. పెట్టుబడి కదిలితే దాన్ని అభివృద్ధి అంటారు. చేతులు కదిలితే వలస సమస్య అంటారు.

నవలలో వచ్చినవాళ్లు చివరికి ఏమయ్యారని అడుగుతారేమో. నవల తర్వాత రెండేళ్లకే, 1958లో, లండన్ నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగాయి. 1962లో రాకపోకలకు చట్టం అడ్డు కట్టింది. ఆ తరం అక్కడే బస్సులు నడిపింది, ఆస్పత్రుల్లో సేవ చేసింది, పిల్లల్ని పెంచింది. 2018లో ఇంకో ఘోరం బయటపడింది. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట వచ్చి, జీవితమంతా పన్నులు కట్టిన ముసలివాళ్లను నీ కాగితాలు చూపమన్నారు. వాళ్లు వచ్చిన తేదీ రాసి ఉన్న పాత కార్డులను ఆ ప్రభుత్వ శాఖే 2010లో నాశనం చేసింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, 80 మందికి పైగా మనుషుల్ని తప్పుగా దేశం దాటించారు. హోం మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా పిలిచినవాడు పిలవలేదనగలడు. పని పూర్తయ్యాక కాగితం అడగగలడు.

మిత్రులారా, ఇప్పుడు మన పొలాల్లో నాట్లు వేయడానికి బెంగాల్ నుంచి, బీహార్ నుంచి జట్లు జట్లుగా కూలీలు వస్తున్నారు. తెలంగాణలోనూ ఇదే, ఇక్కడా ఇదే. వాళ్లను మనం ఏమని పిలుస్తున్నాం? రోజు కూలి ఎంత ఇస్తున్నాం? రాత్రి ఎక్కడ పడుకోబెడుతున్నాం? దెబ్బ తగిలితే ఏ ఆస్పత్రికి తీసుకుపోతున్నాం? మోజెస్‌ను లండన్ చూసినట్టే మనం వాళ్లను చూస్తుంటే, ఆత్మగౌరవం అనే మాటను మన జెండాల మీద రాసుకునే హక్కు మనకు ఉండదు.

నవల చివర మోజెస్ థేమ్స్ నది ఒడ్డున నిలబడతాడు. ఏళ్లు గడిచాయి, మిగిలింది లేదు. తిరిగి పోవాలని ఉంది, పోయే దారి లేదు. తన లాంటివాడు ఒక పుస్తకం రాస్తే ఎట్లా ఉంటుందా అని ఆలోచిస్తాడు. మేము మిమ్మల్ని అడిగేది కూడా అదే. విద్యార్థులు సెలవుల్లో మీ ఊళ్లో రంగం పోయి వచ్చిన ఇంటికి పోండి. కువైట్ పోయి వచ్చిన అమ్మ దగ్గర కూర్చోండి. చెరువు మీద పనిచేసే ఒడిశా పిల్లవాణ్ణి వాడి ఊరి పేరు అడగండి. వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాయండి, దిద్దకండి. ఉద్యోగ మిత్రులు ఆఫీసుల్లో మూలకు పడి ఉన్న వలస కూలీల పాత రికార్డులు చెదలు పట్టకుండా చూడండి. రేపు ఎవడో వచ్చి మన బిడ్డను కాగితం అడిగినప్పుడు, కనీసం కథ అయినా మన చేతిలో ఉండాలి.